బెంగళూరు చదువు, బెజవాడ ముద్ర

పొరుగు రాష్ట్రంలో నర్సింగ్ చదివిన బొబ్బిలి పిల్ల సొంత ఊరి ఆసుపత్రిలో పని చేయాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం తిరక్కుండానే బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లోకి ఒక మనిషి దిగుతాడు. బైపీసీ చదివిన గుంట ఏ ఇంట్లో ఉందో ఆయనకు ముందే తెలుసు. ఊరూరికీ పేరు మారుతుంది గానీ ఆయన మాట మారదు. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఖాయం, హాస్టలూ భోజనమూ ఫీజులోనే, కోర్సు అవగానే కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగం, ఆపైన గల్ఫో జర్మనీయో పిల్ల ఇష్టం. ఉన్న అరెకరం మీద అప్పు తెచ్చి, విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వస్తాడు తండ్రి. అంత దూరం పంపలేనివాళ్లు రాయగడ, బరంపురం వైపు చూస్తారు. ఒడిశా ఇక్కడికి పక్క వాకిలే కదా.

నాలుగేళ్లకు పిల్ల తిరిగొస్తుంది. చేతిలో పట్టా ఉంటుంది. ఎదురింటి పిన్నమ్మ అడగనే అడుగుతుంది.

“ఏటమ్మా, సదువైపోనాది గదా, ఉజ్జోగం ఎప్పుడు?”

“రిజిస్ట్రేషన్ అవ్వాలి పిన్నీ.”

“అక్కడ అయిపోనాదన్నావు గదే?”

“అక్కడిది అయింది. ఇక్కడిది అవ్వాలి.”

ఇది ఏ ఒక్క ఇంటి సంభాషణో కాదు. ఉత్తరాంధ్రలో నర్సింగ్ కోసం హద్దు దాటిన పిల్ల ఉన్న ఏ వీధిలోనైనా ఇంచుమించు ఇలాగే సాగుతుంది. పిన్నమ్మకు అర్థం కానిది చాలామంది చదువుకున్నవాళ్లకూ అర్థం కాదు. ఒకే దేశం, ఒకే సిలబస్, అదే సూది, అదే సెలైను. మళ్లీ ‘ఇక్కడిది’ ఏమిటి?

పట్టా వేరు, పుస్తకం వేరు

విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా చదివినట్టు రుజువు మాత్రమే. రోగికి సూది వెయ్యడానికి, మందు ఇవ్వడానికి, కాన్పు చెయ్యడానికి అది చాలదు. రాష్ట్ర నర్సుల కౌన్సిల్ పుస్తకంలో పేరెక్కాలి. నర్సుల పేర్ల పక్కన ఆర్ఎన్, ఆర్ఎం అని కనిపించే అక్షరాలు కాలేజీ ఇచ్చినవి కావు, ఆ పుస్తకం ఇచ్చినవి. రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని. రెండేళ్ల ఏఎన్ఎం అయినా, మూడేళ్ల జీఎన్ఎం అయినా, నాలుగేళ్ల బీఎస్సీ అయినా పేరెక్కడం తప్పదు.

చదివింది కర్ణాటకలో అయితే మొదటి నమోదు కర్ణాటక కౌన్సిల్‌లోనే జరగాలి. సొంత రాష్ట్రంలో కొలువు చెయ్యాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ పుట్టించుకుని, విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో మళ్లీ పేరు రాయించుకోవాలి. కాగితం మీద ఇంతే. రెండు పుస్తకాలు, మధ్యలో ఒక ఉత్తరం.

ఆ ఉత్తరం నడిచే దారిలోనే నెలలు కరిగిపోతాయి. పట్టా ఇంకా విశ్వవిద్యాలయం నుంచి రాలేదంటారు. వచ్చాక ఒరిజినల్స్ కాలేజీలోనే ఉన్నాయంటారు, చివరి ఏడాది ఫీజు బాకీ తీరిస్తేనే ఇస్తామంటారు. సర్టిఫికెట్లను తాకట్టు సరుకులా పట్టిపెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. కానీ బొబ్బిలి నుంచి బెంగళూరు వెళ్లి హక్కుల గురించి మాట్లాడగల తండ్రి ఎవరు? అతనికి భాష రాదు, సెలవు దొరకదు, సీటు ఇప్పించిన ఏజెంటు ఇప్పుడు ఫోనెత్తడు.

ఆ మెట్టు దాటితే పేరు గొడవ మొదలవుతుంది. మన వైపు ఇంటిపేరు ముందు ఉంటుంది, పొడిగా ఒక అక్షరం పెట్టి వదిలేస్తాం. కన్నడ దేశంలో ఆ అక్షరం పేరు వెనక్కి వెళ్తుంది. పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఇంటిపేరు విప్పి మరో తీరు, కర్ణాటక రిజిస్టరులో మూడో తీరు. పెళ్లయిన పిల్లకు నాలుగోది కూడా ఉండవచ్చు. నలుగురూ ఒక్కరేనని అఫిడవిట్ రాయించాలి. నోటరీ దగ్గర కూర్చున్న ఆ పిల్ల ఐసీయూలో రాత్రంతా వెంటిలేటరు కనిపెట్టుకుని ఉండగలదన్న సంగతి అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

1947లోనే చెప్పేశారు

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ చిక్కుకు జవాబు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే చట్టంలోకి ఎక్కింది. 1947 డిసెంబరు 31 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం చాలా చిన్నది. ఒక పూటలో చదివెయ్యవచ్చు. అందులో 10వ సెక్షన్ ఏయే అర్హతలకు గుర్తింపు ఉందో చెబుతుంది. 11వ సెక్షన్ ఆ గుర్తింపు వల్ల ఒరిగేదేమిటో చెబుతుంది: గుర్తింపు ఉన్న అర్హత చేతిలో ఉంటే దేశంలోని ఏ రాష్ట్ర రిజిస్టరులో చేరడానికైనా అది సరిపోతుంది. అదే సెక్షన్ రెండో పక్క నుంచి తలుపు కూడా వేసింది. గుర్తింపు లేని అర్హతతో ఎవరినీ ఏ రాష్ట్రమూ చేర్చుకోకూడదు.

అంటే రాష్ట్రాల మధ్య నర్సు తిరగడం ఒక కౌన్సిల్ ఇంకో కౌన్సిల్‌కు చేసే మర్యాద కాదు. చట్టం దాన్ని హక్కుగా ఇచ్చింది. విదేశాలతో ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలు కుదుర్చుకోవచ్చని కూడా ఆ చట్టమే కౌన్సిల్‌కు అధికారం ఇచ్చింది. పొరుగు దేశం నర్సు గురించి ఆలోచించినవాళ్లు పొరుగు జిల్లా నర్సును మరిచిపోతారా? కానీ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఆ హక్కు దరఖాస్తు అయింది, దరఖాస్తు కాస్తా బతిమాలుకోవడం అయింది.

నర్సు కదల్లేదు, గీత కదిలింది

బొబ్బిలిలో కూర్చుని ‘పరాయి రాష్ట్రం చదువు’ అనే మాట అనడానికి కొంచెం నోరు తడబడాలి. ఎందుకంటే ఇక్కడ రాష్ట్రం గీత మనుషుల కాళ్ల కింద నుంచే కదిలింది.

నర్సులకూ మంత్రసానులకూ రిజిస్టరు పెట్టిన మద్రాసు చట్టం 1926లో వచ్చింది. అప్పటికి బొబ్బిలి, రాయగడ, పర్లాకిమిడి, జయపురం అన్నీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే రిజిస్టరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయింది. రాయగడ, గుణుపురం, జయపురం ఏజెన్సీ అటు వెళ్లాయి, పర్లాకిమిడి పట్టణమూ అటే వెళ్లింది. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి, ఎవరనుకున్నారు? బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావే. 1932 నుంచి ఆ కుర్చీలో ఉన్నాడు. తన సంస్థానానికి కూతవేటు దూరంలో గీత పడిన రోజున కూడా ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. రెండేళ్లకు, 1938లో, ఒడిశా తన నర్సుల చట్టం తాను తెచ్చుకుంది. ఒక పుస్తకం రెండైంది.

తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. 1956లో హైదరాబాదు కలిసింది. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయింది. హైదరాబాదులో చదివి, అక్కడే ఉమ్మడి కౌన్సిల్‌లో పేరు రాయించుకున్న ఉత్తరాంధ్ర నర్సు అంతవరకు సొంత రాష్ట్రం నర్సు. తెల్లారేసరికి ఆమె చదివిన కాలేజీ పరాయి రాష్ట్రంలో ఉంది. ఆమె పట్టా మీద ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరుంది, ఆ విశ్వవిద్యాలయం ఉన్నదేమో విజయవాడలో. తెలంగాణలో చదివి ఆంధ్ర పట్టా పుచ్చుకున్న పిల్లలు, ఆంధ్రలో పుట్టి తెలంగాణ ఆసుపత్రిలో స్థిరపడినవాళ్లు, అందరూ ఏదో ఒక కౌంటరు ముందు తమ చదువు ఎక్కడిదో వివరించుకోవాల్సి వచ్చింది. చదివిన అనాటమీ మాత్రం మారలేదు.

మిషన్ ఆసుపత్రుల కథ ఇంకో తీరు. కెనడా బాప్టిస్టులు 1879లో బొబ్బిలిలో స్టేషన్ పెట్టారు. శ్రీకాకుళం, పార్వతీపురం, పర్లాకిమిడి, సోంపేట అంతటా వాళ్ల పనే. భాష చూసి ఊరు ఎంచుకున్నారు, రోగం చూసి ఆసుపత్రి కట్టారు. జిల్లా, రాష్ట్రం తర్వాతి సంగతి. దక్షిణాది మిషన్ ఆసుపత్రుల నర్సింగ్ స్కూళ్లన్నిటికీ కలిపి ఒకే పరీక్షా బోర్డు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఉత్తర, మధ్య భారతానికి మరోటి. ఆ బోర్డుల పరీక్ష పాసైన పిల్ల ఏ రాష్ట్రం స్కూల్లో చదివిందన్నది ఎవరికీ పెద్ద ప్రశ్న కాలేదు.

బొబ్బిలి జంక్షన్‌లో రాయగడ వైపు రైలెక్కి, కొండలు దాటి ఇంకొంచెం ముందుకు వెళ్తే బిస్సంకటక్ వస్తుంది. 1954లో ఎలిజబెత్ మ్యాడ్సెన్ అనే డెన్మార్క్ డాక్టరమ్మ అక్కడ మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి ఏజెన్సీ మలేరియా మీద చేసిన పనికి పేరు పొందింది. నర్సింగ్ శిక్షణ కూడా ఇస్తుంది. మన మన్యం జిల్లాలో పని చేయబోయే నర్సుకు అంతకు మించిన పాఠశాల ఏది? అదే కొండ, అదే జ్వరం, అటూ ఇటూ అదే కువి మాట. కానీ మన లెక్కలో అది పరాయి రాష్ట్రం. విజయవాడలోని ఏసీ సిమ్యులేషన్ ల్యాబు మాత్రం సొంతం. నాకు ఈ లెక్క ఎప్పుడూ మింగుడు పడదు.

చదువుకా, కాలేజీకా?

అసలు ముడి పడింది ఇక్కడ. చట్టం గుర్తించేది అర్హతను. ఫలానా విశ్వవిద్యాలయం ఇచ్చే బీఎస్సీ నర్సింగ్, ఫలానా బోర్డు ఇచ్చే డిప్లొమా అని. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) ఏళ్ల తరబడి చేస్తూ వచ్చింది మాత్రం కాలేజీలను తనిఖీ చేసి, తగిన కాలేజీల జాబితా ప్రకటించడం. వందల బెడ్ల ఆసుపత్రి ఉందా, టీచర్లు ఉన్నారా, ల్యాబు ఉందా అని చూడటం మంచిదే. చట్టంలో 13వ సెక్షన్ తనిఖీకి, 14వ సెక్షన్ లోపాలున్న చోట గుర్తింపు వెనక్కి తీసుకోవడానికి దారి చూపాయి. అయితే ఒక్కో కాలేజీకి ఏటా ‘గుర్తింపు’ ఇచ్చే అధికారం ఢిల్లీకి ఉందా అన్న ప్రశ్న కోర్టుకెక్కింది.

కర్ణాటక కాలేజీల యాజమాన్యాలు వేసిన కేసులో 2017 జూలైలో కర్ణాటక హైకోర్టు అలాంటి అధికారం కేంద్ర కౌన్సిల్‌కు లేదంది. కాలేజీకి అనుమతి రాష్ట్రం, రాష్ట్ర కౌన్సిల్, విశ్వవిద్యాలయం చూసుకోవాల్సిన పని అంది. చట్టం అక్షరం చదివితే ఆ తీర్పులో తర్కం ఉంది. కాని దాని దెబ్బ తగిలింది కాలేజీలకు కాదు, హాస్టల్ గదుల్లో ఉన్న పొరుగు రాష్ట్రాల పిల్లలకు. అప్పటిదాకా ‘ఐఎన్‌సీ లిస్టులో ఉందా?’ అనేదే అందరి కొలబద్ద. బ్యాంకు మేనేజరు చదువు లోను ఇచ్చే ముందు అదే అడిగేవాడు. వేరే రాష్ట్రాల కౌన్సిళ్లు అదే అడిగేవి. విదేశీ ఆసుపత్రుల ఏజెన్సీలూ అదే. ఉన్నట్టుండి ఆ లిస్టు కర్ణాటక మేర ప్రశ్నార్థకమైంది. కర్ణాటకలో చెల్లుతుంది, బయట చెల్లదట అన్న మాట కేరళలో, ఆంధ్రలో ఇంటింటికీ పాకింది.

వ్యాజ్యాలు, అప్పీళ్లు, సర్క్యులర్లు ఎలా నడిచినా ఒక సంగతి మాత్రం మిగిలింది. ఢిల్లీకి, బెంగళూరుకు మధ్య అధికారం ఎవరిదన్న తగాదాకు మూల్యం చెల్లించింది ఆ తగాదాలో కక్షిదారు కాని పిల్ల. ఆమె కాలేజీలో చేరేనాటికి ఉన్న నియమం ప్రకారం చేరింది. బయటికొచ్చేనాటికి నియమమే మారిపోయింది. 14వ సెక్షన్ రాసినవాళ్లకు ఈ మాత్రం ఇంగితం ఉంది. గుర్తింపు తీసేస్తే ఫలానా తేదీకి ముందు ఇచ్చిన అర్హతలు చెల్లుతాయని చెప్పే వీలు అందులోనే పెట్టారు.

అనుమానం ఊరికే పుట్టలేదు

ఇంతవరకు చదివి, విజయవాడ కౌన్సిల్ గుమాస్తాలంతా రాతి గుండెలవాళ్లని అనుకుంటే పొరపాటు. వాళ్ల బల్ల మీదికి వచ్చే సర్టిఫికెట్లన్నీ గంగాజలాలు కావు.

ఏజెంట్ల భాషలో ‘నాన్ అటెండింగ్’ అని ఒక మాట ఉంది. పిల్ల ఇక్కడే ఏదో నర్సింగ్ హోమ్‌లో పని చేసుకుంటూ ఉంటుంది, పరీక్షల వారం మాత్రం వెళ్లి రాసి వస్తుంది. హాజరు, క్లినికల్ గంటలు, కేస్ షీట్లు అన్నీ కాలేజీయే ‘చూసుకుంటుంది’. వార్డులో రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో తెలియకుండానే రిజిస్టర్డ్ నర్సు తయారైపోతుంది. ఆ చేతుల్లోకి రేపు మన అమ్మనో నాన్ననో అప్పగించాలి.

మధ్యప్రదేశ్ సంగతి దేశమంతా చూసింది. ఆసుపత్రులు లేకుండా, టీచర్లు లేకుండా కాగితాల మీదే నడిచిన నర్సింగ్ కాలేజీల మీద హైకోర్టు సీబీఐ దర్యాప్తు వేసింది. 308 కాలేజీలు చూస్తే 169 మాత్రమే తగినవని తేలాయి. 74 చోట్ల లోపాలు, 65 అసలు పనికిరానివి. ఆపైన 2024 మేలో ఆ తనిఖీకి వెళ్లిన సీబీఐ అధికారులే లంచం కేసులో పట్టుబడ్డారు. కంచే చేను మేసిన ఆ వ్యవహారంలో నిజంగా చదువుకున్న పిల్లలు ఏళ్ల తరబడి పరీక్షలు లేక, ఫలితాలు లేక నలిగిపోయారు.

కాబట్టి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కాగితాన్ని రెండోసారి చూడటం కౌన్సిల్ బాధ్యత. చూడొద్దని ఎవరూ అనడం లేదు. చూసే భారం ఎవరి నెత్తిన పడుతోందన్నదే ప్రశ్న. దొంగ కాలేజీకి అనుమతి ఇచ్చినవాడు ఒకడు, తనిఖీలో కళ్లు మూసుకున్నవాడు ఒకడు. తన నిజాయితీ రుజువు చేసుకోవడానికి రాష్ట్రాల మధ్య తిరిగేది మాత్రం విద్యార్థి. పైగా ఆమె తన చేత్తో మోసుకొచ్చిన ఎన్‌ఓసీ కాగితం మోసాన్ని ఆపే సాధనం కూడా కాదు. దొంగ పట్టా చేయించగలిగినవాడికి దొంగ ఎన్‌ఓసీ పెద్ద పనా? కౌన్సిల్ నుంచి కౌన్సిల్‌కు నేరుగా, అభ్యర్థి చేయి తగలకుండా వచ్చిన ధ్రువీకరణకే విలువ.

పదో తరగతి చెబుతుంది నువ్వెవరో

సర్కారు కొలువు దగ్గర ఒక వింత మెలిక ఉంది. స్టాఫ్ నర్సు పోస్టులు జోన్ పోస్టులు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు ఒకటో జోన్. భర్తీ విశాఖలోని ప్రాంతీయ వైద్య ఆరోగ్య సంచాలకుల కార్యాలయం చేతిలో. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికత లెక్క బడి చదువుతో తేలుతుంది. అందుకే నోటిఫికేషన్లలో నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బొబ్బిలి బడిలో చదివిన పిల్ల నర్సింగ్ ఎక్కడ చదివినా స్థానికురాలే.

అంటే రాష్ట్రం ఆమెను నా బిడ్డే అంటుంది. అదే నోటిఫికేషన్ కింద మరో వాక్యం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నర్సులు, మిడ్‌వైవ్‌ల కౌన్సిల్‌లో రిజిస్టరై ఉండాలి. దరఖాస్తు గడువు పది, పదిహేను రోజులు. ఎన్‌ఓసీ ఎక్కడో ఫైలు కింద ఉంటుంది. గడువు దాటిపోతుంది. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ వాళ్లతో నింపే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులదీ ఇదే తంతు. మక్కువ, పాచిపెంట కొండల్లో ఉండి పని చేసేది ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లలే. మంచి రోడ్లున్న జిల్లాల వాళ్లు అక్కడ నిలవరు. ఒక్క కాగితం ఆలస్యంతో ఆ పోస్టుకు దూరమైన పిల్ల మళ్లీ బెంగళూరు రైలెక్కుతుంది. బొబ్బిలి సీహెచ్‌సీలో ఖాళీ అలాగే ఉంటుంది, బెంగళూరు వార్డులో ఉత్తరాంధ్ర యాసలో ఫోన్ మాట్లాడే నర్సు ఒకరు పెరుగుతారు.

లోకం ఎలా చేసుకుంటోంది

అమెరికాలోనూ నర్సు లైసెన్సు రాష్ట్రానిదే. టెక్సాస్ బోర్డు వేరు, కాలిఫోర్నియా బోర్డు వేరు. మన కంటే వాళ్ల రాష్ట్రాలకు అధికారాలు ఎక్కువ. అయినా 2000 నుంచి కొన్ని రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. సొంత రాష్ట్రంలో ఒక్క లైసెన్సు తీసుకుంటే ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పని చేయవచ్చు. 2018లో దాన్ని బిగించి మళ్లీ రాశారు, ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి పెద్దవి బయటే ఉన్నాయి. దేశమంతటికీ అర్హత పరీక్ష మాత్రం ఎన్‌క్లెక్స్ ఒక్కటే. మన పిల్లలు హైదరాబాదులోనే కూర్చుని రాస్తున్నది అదే.

ఐరోపా దేశాలైతే భాషలే వేరు. అయినా 1977 నుంచీ నర్సుల చదువుకు పరస్పర గుర్తింపు ఉంది. ఇప్పటి నియమం కనీసం మూడేళ్లు, 4,600 గంటల శిక్షణ. అందులో సగం రోగి దగ్గర. ఆ కొలత కుదిరితే రుమేనియా నర్సు చదువును జర్మనీ మళ్లీ తూచదు. భాష వచ్చా రాదా అన్నది వేరే పరీక్ష.

మన దగ్గర అంత కసరత్తు కూడా అక్కర్లేదు. సిలబస్ దేశమంతా ఒక్కటే. కొత్త నిబంధనల్లో బీఎస్సీకి సెమిస్టర్లు, ప్రవేశ పరీక్ష కూడా అందరికీ ఒకే తీరున పెట్టారు. గుంటూరులో చదివినా గుల్బర్గాలో చదివినా గంటలు అవే. ఐరోపాలో ఇరవై ఏడు దేశాలు కష్టపడి సాధించుకున్నది మనకు పుట్టుకతోనే ఉంది, వాడుకోవడమే రాలేదు.

విదేశం వెళ్లే పిల్లకు రెండు రిజిస్టర్ల బరువు మరోసారి తెలుస్తుంది. అమెరికా కోసం, 2025 దాకా సీజీఎఫ్ఎన్ఎస్ అనే పేరుతో నడిచిన సంస్థ చదువును పరిశీలిస్తుంది. మొదట నమోదైన కౌన్సిల్, ఇప్పుడు నమోదై ఉన్న కౌన్సిల్, చదివిన కాలేజీ నేరుగా తమకే వివరాలు పంపాలంటుంది. అభ్యర్థి చేతి కాగితం వాళ్లకు చిత్తు కాగితం. గల్ఫ్ దేశాలు డేటాఫ్లో ద్వారా అదే పని చేయిస్తాయి. మన మంత్రులు నర్సులను జర్మనీ, జపాన్ పంపుతామని సభల్లో చెబుతుంటారు, సంతోషమే. పార్వతీపురం పంపడం అంతకన్నా కష్టంగా ఉన్నందుకే అడగాల్సి వస్తోంది.

ఒకే నర్సు, రెండు లెక్కలు

దేశంలో 33 లక్షల మందికి పైగా నర్సింగ్ సిబ్బంది రిజిస్టరై ఉన్నారని, వెయ్యి మంది జనాభాకు ఇద్దరికి కొంచెం తక్కువగా ఉన్నారని కేంద్రం పార్లమెంటులో చెబుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం ముగ్గురుండాలి. ఆ 33 లక్షల్లో ఎందరు పనిలో ఉన్నారు? బెంగళూరులోనూ విజయవాడలోనూ పేరున్న పిల్ల అందులో ఒకటా, రెండా? పని మానేసినవాళ్లు, దేశం విడిచినవాళ్లు, కాలం చేసినవాళ్లు కూడా పాత పుస్తకాల్లో అలాగే ఉండిపోతారు. పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే కలిగే నష్టం పిల్లలకే కాదు, దేశం లెక్కకు కూడా.

ఈ తెలివి కేంద్రానికి వచ్చింది. అందుకే ఆధార్‌తో ముడిపెట్టి నర్సుకు ఒక విశిష్ట సంఖ్య ఇచ్చే జాతీయ లైవ్ రిజిస్టరు మొదలైంది. ఎన్‌యూఐడీ కార్డు అని పిల్లలు చెప్పేది దీన్నే. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఇంకో అడుగు వేసింది. 1947 చట్టాన్ని పక్కన పెట్టి జాతీయ కమిషన్, రాష్ట్రాల కమిషన్లు, జాతీయ రిజిస్టరు, రాష్ట్ర రిజిస్టరు రావాలంది. వైద్య విద్యలో పాత కౌన్సిల్ పోయి కమిషన్ వచ్చినట్టే. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో కొత్త వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామన్నారు. విజయనగరంలో 2023లోనే ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. దగ్గరలో మంచి ప్రభుత్వ సీట్లు పెరిగితే ఏజెంటు మాటకు గిరాకీ తగ్గుతుంది. అంతవరకు బెంగళూరు రైలు ఆగదు.

కొత్త చట్టం మీద నాకు ఆశ ఉంది గాని మోజు లేదు. 1947 చట్టమూ చక్కగానే రాశారు కదా. 11వ సెక్షన్ ఉన్నా కౌంటరు దగ్గర బతిమాలాల్సి వచ్చినప్పుడు, కొత్త సెక్షన్ రాగానే కౌంటరు మారుతుందన్న నమ్మకం ఎక్కడిది?

ఢిల్లీ కోసం చూడకుండా మన కౌన్సిల్ తనంతట తాను చేయగలిగినవి ఉన్నాయి. లైవ్ రిజిస్టరులో కర్ణాటక నమోదు కనిపిస్తున్న నర్సు దగ్గర కాగితపు ఎన్‌ఓసీ అడగడం మానవచ్చు, కావాలంటే కౌన్సిలే బెంగళూరుకు రాసి తెప్పించుకోవచ్చు. జవాబు ఇన్ని రోజుల్లో రాకపోతే తాత్కాలిక నమోదు ఇచ్చి ఆమెను దరఖాస్తు చేసుకోనివ్వవచ్చు. తప్పు తేలితే రద్దు చేసే అధికారం ఎటూ చేతిలోనే ఉంది. నోటిఫికేషన్ ఇచ్చే శాఖ కూడా, నియామక పత్రం తీసుకునే నాటికి ఆంధ్ర రిజిస్ట్రేషన్ ఉంటే చాలని రాయవచ్చు. ఇవేవీ చట్టం మార్చాల్సిన పనులు కావు.

పంపే ముందు తల్లిదండ్రులు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. ఏజెంటు చూపించే రంగుల బ్రోచరు కాదు, కాలేజీకి ఏ విశ్వవిద్యాలయం అనుబంధం, ఈ ఏడాదికి ఆ రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉందా, ఎన్ని పడకల సొంత ఆసుపత్రి ఉంది, పిల్లలు ఏ వార్డులకు వెళ్తున్నారు అన్నవి అడగాలి. మూడో ఏడు చదువుతున్న మన వైపు పిల్ల ఎవరైనా ఉంటే ఆమెతో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడితే తనిఖీ బృందం చెప్పని సంగతులు తెలుస్తాయి. చేరే రోజునే పదో తరగతి మెమోలో ఉన్న పేరును అక్షరం మారకుండా రాయించాలి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోవాలి. చదువైన వెంటనే అక్కడి కౌన్సిల్ నమోదు పూర్తి చేసుకునే ఇల్లు చేరాలి. బొబ్బిలి వచ్చాక మళ్లీ వెళ్లడానికి రైలు ఛార్జీ ఒక్కటే ఖర్చు కాదు, చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో సెలవు పెట్టిన ప్రతి రోజూ జీతం కోతే.

విజయవాడ కూడా దగ్గరేమీ కాదు, బొబ్బిలి నుంచి నాలుగొందల కిలోమీటర్లకు పైనే. విశాఖలో ఒకటో జోన్ భర్తీలు చూసే కార్యాలయం ఎలాగూ ఉంది. నెలకో రోజు కౌన్సిల్ సిబ్బంది ఇద్దరు అక్కడికి వచ్చి కూర్చుంటే, పొద్దున్నే బొబ్బిలిలో రైలెక్కిన పిల్ల ఒరిజినల్స్ చూపించుకుని చీకటి పడకముందే ఇల్లు చేరుతుంది. మర్నాటి డ్యూటీ కూడా పోదు.